ఎదురుచూసే గొంతు – నిలిచి వినే ప్రభువు

(రేడియో వాక్యధ్యానము – ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: మార్కు సువార్త 10:46-52, లూకా సువార్త 10:25-37

  

ఈ దినము మనందరికీ అనుభవములో ఉన్న ఒక చిన్న బాధను గూర్చి మాట్లాడదలచాను. చిన్నదే అయినా ఇది చాలా లోతైన ప్రశ్నను మన ముందుంచుతుంది. బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, గ్యాసు బండ రాదు, సిమ్ కార్డు పనిచేయదు, బీమా డబ్బు రాదు. ఆఫీసుకు వెళ్తే, “ఇక్కడ కాదు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి” అంటారు. ఫోన్ చేస్తే యంత్రము పలుకుతుంది. తెలుగుకు ఒక అంకె, ఇంగ్లీషుకు ఒక అంకె, ఫిర్యాదుకు ఒక అంకె. అన్నీ నొక్కిన తరువాత సంగీతము వినిపిస్తుంది. మధ్యమధ్యలో, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని ఒక తియ్యని గొంతు చెబుతుంది. ఇరవై నిమిషాల తరువాత ఫోన్ కట్ అవుతుంది. అప్పుడు మన నోటి నుండి వచ్చే మాట ఒక్కటే: “ఈ లోకములో మనుషులకు దయ లేకుండా పోయింది.”

నిజముగా దయ పోయిందా? పోతే ఎక్కడికి పోయింది? విశ్వాసులమైన మనము ఏమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలను వాక్యపు వెలుగులో ఆలోచన చేద్దాము.

1. మునిగిన ఊరు, మారని చిరునామా

మన జమ్మలమడుగు, కొండాపురం ప్రాంతము వారికి గండికోట జలాశయము గూర్చి వేరే చెప్పనక్కరలేదు. పెన్నా నది కొండలను చీల్చుకొని ప్రవహించే గండి దగ్గర కోట ఉన్నది గనుక దానికి గండికోట అని పేరు వచ్చింది. ఆ నది మీదనే కట్టిన జలాశయములో దాదాపు 27 టి.ఎం.సి.ల నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళు ఎన్నో పొలాలకు ప్రాణము. అయితే ఆ నీళ్ళ కోసము ఎన్నో ఊళ్ళు ఖాళీ అయినాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరు కూడా ఖాళీ అయిపోయింది. ఇళ్ళు పోయినాయి, వీధులు పోయినాయి, ప్రార్థన చేసుకున్న స్థలాలు పోయినాయి.

అటువంటి ఒక ముంపు గ్రామము నుండి కాలనీకి వచ్చిన ఒక వృద్ధురాలు, విధవరాలు, మా సంఘములో ఉన్నది. ఆమె పేరు చెప్పను. ఆమె డబ్బు ఒక బ్యాంకు ఖాతాలో ఉన్నది. కాగితాలు సరిగా లేవని ఖాతా ఆపివేశారు. శాఖకు వెళ్తే ఫోన్ చేయమన్నారు. ఆమె నా దగ్గరకు వస్తే నేను ఫోన్ కలిపి, అందరికీ వినపడేటట్టు పెట్టి, ఆమె చేతికిచ్చాను. యంత్రము మాట్లాడుచున్నది. ఈమె తన కష్టమంతా ఆ యంత్రానికి చెప్పుకొంటున్నది. కొంతసేపటికి నా వైపు తిరిగి, “ఏంది పాస్టరయ్యా, ఆ పాప దాని పాటికి అది మాట్లాడతానే ఉంది, నా మాట ఒగటీ ఇనిపించుకోదే?” అన్నది.

చివరకు ఒక అబ్బాయి పలికాడు. మర్యాదగానే మాట్లాడాడు. చిరునామా అడిగాడు. ఆమె తన ఊరి పేరు చెప్పింది. పిన్ కోడ్ అడిగాడు. ఆమెకు తెలియదు. నేను కాలనీ చిరునామా చెబితే, రికార్డుతో సరిపోవడం లేదన్నాడు. ఆమె ఫోన్ దగ్గరకు వంగి, “ఆ ఊరు నీళ్ళల్లో ఉంది నాయనా” అన్నది. ఆ మాటకు అతని దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అతని ముందున్న కంప్యూటరులో ‘ఊరు నీళ్ళలో ఉన్నది’ అనే గడి లేదు. “శాఖను సంప్రదించండమ్మా, మీకింకేమైనా సహాయము చేయగలనా?” అని అడిగి పెట్టేశాడు.

ప్రియులారా, ఆ అబ్బాయి చెడ్డవాడని నేననను. ఈ సంగతిని మనము సరిగా అర్థము చేసుకోవాలి.

2. ఆ ఫోన్ వెనుక ఏమి జరుగుతుంది?

మనము ఎంతసేపు ఎదురుచూడాలి అనేది ఏదో పొరపాటున జరిగేది కాదు. దానికి ఒక లెక్క ఉన్నది. డెన్మార్కు దేశములో అగ్నెర్ ఎర్లాంగ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లోను, 1917లోను ఆయన కొన్ని సూత్రాలు ప్రచురించాడు. గంటకు ఇన్ని ఫోన్లు వస్తే, ఒక్కొక్కటి ఇంతసేపు సాగితే, ఇంతమంది మనుషులుంటే, ఫోన్ చేసినవారు ఎంతసేపు కాచుకొని ఉండవలసి వస్తుందో ఆ సూత్రాలతో లెక్క కట్టవచ్చు. నేటికీ కాల్ సెంటర్లలో ఎంతమందిని పెట్టాలో ఆ లెక్కల ఆధారముగానే నిర్ణయిస్తారు. నూటికి ఎనభై ఫోన్లకు ఇరవై సెకన్లలోపు జవాబివ్వాలన్నది ఆ రంగములో బాగా తెలిసిన ఒక కొలత. ఎక్కువ మందిని పెడితే ఎదురుచూపు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. తక్కువ మందిని పెడితే ఖర్చు తగ్గుతుంది, మన ఎదురుచూపు పెరుగుతుంది. అంటే, కంపెనీ ఆదా చేసుకున్న డబ్బును మనము మన సమయముతో చెల్లిస్తున్నామన్నమాట.

ఇప్పుడు అవతలి వైపు కూర్చున్నవారిని చూడండి. మన ప్రొద్దుటూరు నుండి, పులివెందుల నుండి డిగ్రీ చదివి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిన పిల్లలు ఎంతోమంది ఇటువంటి ఉద్యోగాల్లో చేరారు. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొని ఒక ఫోన్ తరువాత ఒక ఫోన్ తీస్తారు. ఒక్కొక్క ఫోన్‌కు సగటున ఎంతసేపు పట్టిందో కంప్యూటరు లెక్క వేస్తూ ఉంటుంది. ఆ సగటు పెరిగితే సూపర్‌వైజరు అడుగుతాడు. ఏ మాట ముందు అనాలి, ఏ మాటతో ముగించాలి అనేది వ్రాసి ఇస్తారు. మాటలను రికార్డు చేసి, తరువాత విని మార్కులు వేస్తారు. కోపముతో తిట్టే మనిషికి కూడా చిరునవ్వు వినిపించే గొంతుతో జవాబివ్వాలి. అమెరికా దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల ఉద్యోగమును గూర్చి పుస్తకము వ్రాస్తూ, జీతము కోసము మనస్సులోని భావాలను కూడా అమ్ముకోవలసి వచ్చే ఈ స్థితిని వివరించింది. చేతులు చేసే పనికి అలసట ఉన్నట్టే, లేని నవ్వును గొంతులోకి తెచ్చుకొనే పనికి కూడా అలసట ఉన్నది.

ఇక మన అవ్వ సంగతికి వద్దాము. మరునాడు మరలా ఫోన్ చేశాము. ఈసారి ఒక అమ్మాయి పలికింది. అదే చిరునామా, అదే జవాబు. అయితే అవ్వ “ఊరు నీళ్ళల్లో ఉంది” అన్నప్పుడు ఆ అమ్మాయి ఒక్క క్షణము ఆగింది. “ఊరు మునిగిపోయిందా అవ్వా? ఎప్పుడు?” అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెకు వ్రాసిచ్చిన కాగితములో లేదు. అవ్వ చెప్పింది. అంతా విన్న తరువాత ఆ అమ్మాయి, ఆధార్ కార్డులో కొత్త కాలనీ చిరునామా మార్పించుకోవాలనీ, పాత ఊరు ముంపుకు గురైనదని తెలిపే కాగితమును జతచేసి శాఖలో ఇవ్వాలనీ, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోవాలనీ నిదానముగా చెప్పింది. పని పూర్తి కావడానికి ఇంకొక నెల పట్టింది, అది వేరే సంగతి. కాని ఫోన్ పెట్టేసిన తరువాత అవ్వ ముఖములో నెమ్మది కనిపించింది. ఆ ప్రశ్నకు, దాని జవాబుకు పట్టింది అర నిమిషము. ఆ అర నిమిషము ఆ అమ్మాయి లెక్కలో ఆలస్యముగా పడి ఉంటుంది.

3. పూర్వకాలములో దయ ఉండేదా?

“మునుపు ఇట్లా ఉండేది కాదు, అప్పట్లో మనుషులు మనుషులతో మాట్లాడేవారు” అని మనమంటాము. కొంత నిజమే. అయితే దేవుని బిడ్డలు పాతకాలమును కూడా సత్యముతోనే చూడాలి.

యంత్రము ఎందుకు వచ్చిందో ఒక కథ ఉన్నది. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అనే శవసంస్కారాల వ్యాపారి ఉండేవాడు. ఆ రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మనిషి కూర్చొని తీగలు కలిపేవారు. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతున్నదని అతడు అనుమానించాడని చెబుతారు. ఆ మనిషి అవసరమే లేకుండా తనంతట తానే లైను కలిపే యంత్రమును తయారుచేసి, 1891లో పేటెంటు పొందాడు. అంటే, మనుషుల మీద నమ్మకము లేక మనుషులు యంత్రమును కోరుకున్నారు.

మన సంగతి చూద్దాము. మన తాతల కాలములో కచేరీలలో మనుషులే ఉండేవారు. అయినా మన పెద్దలలో ఎంతమందిని గుమ్మము బయటనే నిలబెట్టారు? అర్జీని దూరము నుండి విసరమన్నారు, పేరు అడగకముందే కులము అడిగారు. ఫోన్‌లోని యంత్రము వినదు, నిజమే. కాని అది కులము అడగదు, నీ చొక్కా చూడదు. అందుచేత, యంత్రము పోయి మనిషి వస్తే చాలునని మనము ప్రార్థన చేయలేము. ఎటువంటి మనిషి వస్తాడు అనేదే ప్రశ్న.

దీనికి గండికోట చరిత్రలోనే ఒక సాక్ష్యము ఉన్నది. ఫ్రాన్సు దేశపు రత్నాల వ్యాపారి టావెర్నియర్ 1652లో గండికోటకు వచ్చాడు. పెమ్మసాని నాయకుల కోట అప్పటికే గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా చేతికి వచ్చింది. టావెర్నియర్ ఆయనను గుడారములో చూసి, ఆ దృశ్యమును తన యాత్రా గ్రంథములో వర్ణించాడు. మీర్ జుమ్లా చెప్పులు లేకుండా కాళ్ళు మడిచి కూర్చొని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమ చేతి వేళ్ళ సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుండి, ఒకసారి చేతి నుండి కాగితము లాగి, ఇద్దరు గుమాస్తాలకు జవాబులు చెప్పి వ్రాయిస్తున్నాడు, తానూ వ్రాస్తున్నాడు. ఇంతలో నలుగురు ఖైదీలను తెచ్చి గుడారము ద్వారము దగ్గర ఉంచామని వచ్చి చెప్పారు. ఆయన అరగంటకు పైగా ఏమీ పలకలేదు. వ్రాస్తూనే ఉన్నాడు. తరువాత హఠాత్తుగా వారిని రప్పించి విచారణ చేశాడు. మరలా వ్రాతలో మునిగిపోయాడు. చివరకు విధించిన శిక్షలు ఇక్కడ చెప్పలేనంత క్రూరమైనవి.

గమనించండి. ఆయన సోమరి కాదు. చాలా సమర్థుడు. ఒకేసారి పది పనులు చేయగలవాడు. కాని ఆ గుడారములో ద్వారము దగ్గర నిలబడిన ప్రాణము కూడా వేళ్ళ సందులో ఇంకొక కాగితమే. అప్పుడు కంప్యూటరు లేదు, కాల్ సెంటరు లేదు.

ఇంకొక గుడారము సంగతి కూడా చెబుతాను. 1800లో నిజాము ఈ దత్త మండలాలను కంపెనీ వారికి ఇచ్చినప్పుడు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. ఆయన వచ్చింది శిస్తు వసూలు కోసమే, ఆ శిస్తు రైతులకు భారమే. ఆ మాట దాచనక్కరలేదు. అయితే ఆయన గుడారాల్లో నివసిస్తూ ఊరూరా తిరిగి రైతులతో ఎదురుగా మాట్లాడాడు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన తరువాత కూడా ఈ సీమలో తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పన్ను వేసినవాని పేరు బిడ్డకు పెట్టుకోవడము వింత కాదా? తన మాట వినినవానిని మనిషి అంత తేలికగా మరచిపోడు.

4. దయను చంపేది ఏమిటి?

మరి దయ ఎక్కడ పోయింది? దీనిని గూర్చి ఒక పరిశోధన ఉన్నది. వేదాంత కళాశాలలో చదివిన నావంటి వారికి అది గుచ్చుకొంటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులు నలభై మందితో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము చేసి 1973లో ప్రచురించారు. ఒక్కొక్క విద్యార్థిని పక్క భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగము చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశము ఏమిటో తెలుసా? మంచి సమరయుని ఉపమానమే! దారిలో ఒక మనిషి గోడ పక్కన కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉండేటట్టు ఏర్పాటు చేశారు. కొందరికి, ఇంకా సమయమున్నదని చెప్పారు. కొందరికి, సమయానికే వెళ్తున్నావన్నారు. మరి కొందరికి, ఇప్పటికే ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్ళమన్నారు.

ఫలితము ఏమిటి? సమయమున్నవారిలో నూటికి 63 మంది ఆగి సహాయము చేశారు. మధ్యరకము వారిలో నూటికి 45 మంది. తొందరలో ఉన్నవారిలో నూటికి 10 మంది మాత్రమే! ఏ అంశము మీద మాట్లాడబోతున్నారు అనేది పెద్ద తేడా చేయలేదు. మంచి సమరయుని గూర్చి ప్రసంగించడానికి పోతూ, పడి ఉన్న మనిషిని దాటి పోయినవారు కూడా ఉన్నారు.

ప్రియులారా, వారు క్రూరులు కారు, దేవుని సేవకు సిద్ధపడుతున్న యౌవనస్థులు. వారి హృదయములో దయ లేకపోలేదు, ఆ దయ బయటికి వచ్చేందుకు సందు లేకపోయింది. తొందర ఆ సందును మూసివేసింది. కాల్ సెంటరు చేసేది కూడా ఇదే. మంచి పిల్లలను తీసుకొని, దినమంతా తొందరలో ఉంచుతుంది. మొదటి దినము మాట్లాడిన అబ్బాయికి, రెండవ దినము మాట్లాడిన అమ్మాయికి మధ్య ఉన్న తేడా ఆ అర నిమిషమే.

మంచి ఏర్పాటు అంటే ఎట్లా ఉంటుందో కూడా మన రాష్ట్రమే చూపించింది. మన పులివెందుల వారైన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలములో, 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ ఆరంభమైంది. అది కూడా కాల్ సెంటరే. అక్కడా కంప్యూటర్లున్నాయి, హెడ్‌సెట్లున్నాయి, నిమిషాల లెక్క ఉన్నది. అయితే అక్కడ నిమిషాలను లెక్కపెట్టేది ఎవరి కోసము? రోడ్డు మీద పడి ఉన్నవాని కోసము. “ఎక్కడున్నారు? ఏమైంది?” అని మనిషి అడిగి బండి పంపుతాడు. కాబట్టి దోషము ఫోన్‌ది కాదు, గడియారానిది కాదు. ఎవరి మేలు కోసము గడియారము నడుస్తున్నది అనేదే అసలు సంగతి.

5. యెరికో త్రోవలో నిలిచిన ప్రభువు

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. లూకా 10వ అధ్యాయములో దొంగల చేతికి చిక్కిన మనిషి యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవుచున్నాడు. మార్కు 10వ అధ్యాయములో ప్రభువు యెరికో నుండి బయలుదేరి యెరూషలేము వైపు ఎక్కి వెళ్తున్నాడు. రెండు సంగతులూ ఒకే త్రోవకు చెందినవి.

యెరికో దగ్గర త్రోవ పక్కన బర్తిమయి అనే గ్రుడ్డి భిక్షకుడు కూర్చొని ఉన్నాడు. అతడు తనను కరుణించుమని కేక వేశాడు. అతనికి దొరికిన మొదటి జవాబు ఏమిటి? ఊరుకొమ్మని గద్దింపు. ప్రభువు చుట్టూ ఉన్న జనసమూహమే అడ్డుగోడ అయినది. ప్రభువుకు, కష్టములో ఉన్నవానికి మధ్య ప్రభువు జనులే అడ్డమైనారు! అయినా అతడు మరి ఎక్కువగా కేకలు వేశాడు.

అప్పుడు యేసు నిలిచాడు. ఆ మాటను జాగ్రత్తగా ధ్యానించండి. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడు? సిలువకు. లోకములో ఎవరికైనా, నాకు సమయము లేదు అనే హక్కు ఉన్నదంటే ఆ దినమున ఆయనకే ఉన్నది. సర్వలోక రక్షణ కార్యము ముందున్నది. అయినా ఒక్క భిక్షకుని కేకకు ఆయన అడుగులు ఆగినాయి.

తరువాత ఆయన అతనిని పిలిపించాడు. దూరము నుండి జవాబు పంపలేదు. ఆ తరువాత, తన వలన ఏమి కోరుచున్నావని అడిగాడు. గ్రుడ్డివానికి ఏమి కావాలో ఆయనకు తెలియదా? తెలుసు. అయినా అడిగాడు. ఎందుకంటే, జీవితమంతా ఇతరులు నోరు మూయించిన మనిషి, తన నోటితో తన అవసరము చెప్పుకొనే గౌరవమును పొందాలి. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని ఆయన అనలేదు. నీ మాటలో నీవే చెప్పమన్నాడు.

సమరయుడు కూడా మొదట ఆగినాడు. నూనె, ద్రాక్షారసము తరువాత వచ్చినవి. అంతటితో విడిచిపెట్టలేదు. పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. తిరిగి వచ్చి కనుక్కొనేవాడే పొరుగువాడు. మనకు ఫిర్యాదు నంబరు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ‘అవ్వా, నీ పని అయిందా?’ అని తిరిగి అడిగేవారు ఎంతమంది?

6. మనము ఏమి చేయాలి?

మొదటిది, ఫోన్ చేసేవారికి. అవతల ఉన్న గొంతు ఎవరో తల్లి కన్న బిడ్డది. నియమము పెట్టినది ఆ బిడ్డ కాదు. తిట్టవద్దు. శాంతముగా, తేదీ, నంబరు వ్రాసుకొని గట్టిగా అడగండి. శాంతముగా ఉండడమంటే హక్కు వదులుకోవడము కాదు. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు విసుగక మరలా మరలా న్యాయాధిపతి దగ్గరకు వెళ్ళింది. బ్యాంకు 30 దినాలలో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు. వస్తువులు, సేవల విషయములో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

మరొక హెచ్చరిక. విసిగిపోయిన మనిషి కోసము మోసగాడు కాచుకొని ఉంటాడు. కస్టమర్ కేర్ నంబరు కోసము ఇంటర్నెట్‌లో వెదికి, దొంగ నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ దొంగ వెంటనే ఫోన్ ఎత్తుతాడు, ఎంతో ప్రేమగా మాట్లాడతాడు, ఓపికగా వింటాడు! నిజమైన చోట దొరకని దయ అబద్ధమైన చోట దొరుకుతుంది గనుకనే మన పెద్దవారు మోసపోతున్నారు. నంబరును పాసు పుస్తకము మీద, కార్డు వెనుక మాత్రమే చూడండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఫోను చెప్పినచోట ఏ యాప్ కూడా ఎక్కించవద్దు. డబ్బు పోతే ఆలస్యము చేయక వెంటనే 1930కి ఫోన్ చేయండి.

రెండవది, ఇటువంటి ఉద్యోగాల్లో ఉన్న యౌవనస్థులకు. మీ చేతిలో నియమాలు లేవు, నిజమే. కాని ఒక్క ప్రశ్న మీ చేతిలో ఉన్నది. దినమునకు ఒక్కరినైనా మనిషిగా అడగండి. మీరు పోగొట్టుకొనేది అర నిమిషము. తల్లిదండ్రులారా, పట్టణము నుండి మీ బిడ్డ ఫోన్ చేసినప్పుడు జీతము సంగతి మాత్రమే అడగకండి. దినమంతా ఇతరుల కోపమును మోసిన ఆ చెవికి మీ నోటి నుండి ఒక మృదువైన మాట కావాలి.

మూడవది, సంఘమునకు. ఇది ముఖ్యము. లండన్ మిషన్ వారు 1822లో కడపలో సేవ ఆరంభించారు. తరువాత జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి నెలకొన్నది. ఇక్కడి పేదలు సువార్తను చెవులతో వినక మునుపే, తమ మాట వినే చెవి ఒకటి ఉన్నదని చూశారు. మరి నేడు మన సంఘములలో ఏమి జరుగుచున్నది? ప్రార్థన అవసరతలను వాట్సాప్‌లో పంపమంటున్నాము. చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా పంపుతున్నాము. కష్టములో ఉన్నవాడు కాపరిని కలవడానికి ముగ్గురిని దాటవలసి వస్తే, మనము కూడా యెరికో జనసమూహమే గదా! బ్యాంకులను విమర్శించే ముందు మన మందిర ద్వారమును చూసుకుందాము.

అందుచేత ప్రతి సంఘమునకు ఒక మనవి చేస్తున్నాను. చదువు వచ్చిన ఇద్దరు యౌవనస్థులను ఏర్పాటు చేయండి. ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట మందిరపు వరండాలో కూర్చోనివ్వండి. ఫోన్ చేయడము, ఫారము నింపడము, ఫిర్యాదు వ్రాయడము చేతకాని పెద్దలు అక్కడికి వస్తారు. మన సంఘస్థులే కానక్కరలేదు, ఊరిలో ఎవరైనా రావచ్చు. సమరయుడు గాయపడినవానిని నీదే మతమని అడగలేదు. ఫోన్ కలిపి, చివరిదాకా పక్కన కూర్చోవాలి. తరువాతి ఆదివారము, పని అయిందా అని తామే అడగాలి. దీనికి డబ్బు అక్కరలేదు. ఒక గంట సమయము, ఆగే మనస్సు చాలు.

దయ ఈ లోకములో చచ్చిపోలేదు ప్రియులారా. మనము దానికి సమయము ఇవ్వడము మానివేశాము. మన ప్రభువు మన కేకకు నిలిచినవాడు. నేటికీ ప్రార్థనలో మనలను వరుసలో నిలబెట్టనివాడు. అంతగా వినబడిన మనము ఇతరులను వినకుండా దాటిపోవచ్చునా?

ప్రార్థన చేసుకుందాము.

కృపగల తండ్రీ, త్రోవ పక్కన కేక వేసిన మాకొరకు నీ కుమారుడు నిలిచినందుకు స్తోత్రములు. ఈ దినము ఎక్కడో ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని విసిగిపోయి ఏడ్చే పెద్దలను ఆదరించుము. రాత్రింబగళ్ళు ఇతరుల కోపమును మోసే మా బిడ్డలకు నెమ్మది దయచేయుము. ఊళ్ళు పోగొట్టుకొని కొత్త చోట బ్రదుకు కట్టుకొనే కుటుంబములను స్థిరపరచుము. మా తొందరను తగ్గించి, మాకు ఆగే పాదములను, వినే చెవులను అనుగ్రహించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.